కాటా రసీదు

పన్నెండేళ్లుగా పోర్టు గేటు దగ్గర
లారీల బరువు రాస్తున్నాను.
నిండుగా వచ్చినప్పుడు ఒక అంకె,
ఖాళీగా వెళ్లేటప్పుడు ఇంకొకటి,
తీసేస్తే మిగిలిందే సరుకు.
డ్రైవర్ల మొహాలు చూడను,
వెనక చక్రాలు పలక మీదికి పూర్తిగా ఎక్కాయా లేదా, అంతే.

మార్చిలో మల్కాపురం డాక్టరమ్మ
నన్నెక్కించింది ఓ చిన్న పలక మీదికి.
"సుగర్ గుమ్మంలో నిలబడింది గౌరీశ్వరిగారూ,
మీరే లోపలికి పిలుస్తున్నారు" అంది.
తిన్నవీ తాగినవీ రాయమంది.
తిండి సంగతి సులువు, రాత్రి డ్యూటీలో తినేదెంతని.
తాగేదీ కాఫీ ఒక్కటే.
కాకపోతే అది రోజూ ఒకే కాఫీ కాదు.

పూర్ణా మార్కెట్లో బేరమాడి
అరచేతంత కాటా తెచ్చుకున్నాను.
గ్లాసు పెట్టి బొత్తాం నొక్కితే సున్నా,
గ్లాసు అక్కడ లేనట్టే.
నవ్వొచ్చింది.
ఆ సున్నా కోసం మా గేట్లో
లారీ బొగ్గు దించి వచ్చేదాకా
రెండేసి గంటలు కూర్చుంటాం.

ఆదివారం పేజీ:
ప్యాకెట్ పాలు నూట యాభై మిల్లీ, ఎనభై ఏడు.
డికాక్షను, రెండు.
తాటిబెల్లం పాకం పన్నెండు గ్రాములు, నలభై ఐదు.
దాల్చినచెక్క పొడి చిటికెడు, కాటా కదల్లేదు.
కమలా తొక్క ఎండబెట్టి దంచింది, కదల్లేదు.
మీగడ

అక్కడ పెన్ను ఆగింది.
మీగడ నేను వెయ్యలేదు, అదే పడింది.

సోమవారం ఏలక్కాయ, డబ్బా పాలు ఒక గరిటె, అరవై ఐదు.
గరిటెకి అంటుకున్నది నాకాను.
గేట్లో అయితే దారిలో ఒలికిన సరుకుకి వేరే గడి ఉంది.
ఈ పుస్తకంలో లేదు.

బాల్కనీలో గ్లాసు పెట్టి చెంచా కోసం లోపలికెళ్లొస్తే
నురగ మీద నల్లటి నలుసు.
మా వాడలో ఆరేసిన తెల్ల చీర
సాయంత్రానికి ఏ రంగో అందరికీ తెలుసు.
పన్నెండేళ్లుగా నేను తూచిన బొగ్గే,
ఇంటికొచ్చి పలకరిస్తోంది.
చిటికెనవేలితో తీసిపారేసి తాగాను.
దానికి క్యాలరీలు లేవు.

కాఫీ గింజలు అనంతగిరి నుంచి
పాంగి సుందర్రావు తెస్తాడు, లారీ సీటు కింద, పాత గోనెలో.
మొన్న రాత్రి మూడింటికి, వాన,
గేటు ముందు నలభై బళ్ల వరుస.
ఫ్లాస్కు మూతలో సగం పోసిచ్చి
నా పుస్తకం తీశాను.
తొంగి చూశాడు.
"పాలకి ఎనభై ఏడు, బెల్లానికి నలభై ఐదు,
మా గింజకి రెండేనేటమ్మా?"
అంతేనన్నాను.
"మాయమ్మ గంప ఎత్తుకుని గట్టెక్కి
ఒక్కో పండూ ఎర్రబడిందో లేదో చూసి కోసీది.
అదెక్కడ రాసినావు?"
వెక్కిరింపు కాదు,
నిజంగానే అడిగాడు, ఊదుకుంటూ.

సగం అతను తాగాడు కాబట్టి
సగమే రాయాలి.
అంకె తెలుసు, అరవై ఏడు.
రాస్తూంటే వెనక బండి హారన్ కొట్టింది,
వెనక చక్రాలు ఎక్కాయా లేదా చూడకుండానే
అతని రసీదు కొట్టేశాను,
మళ్లీ వెనక్కి పిలిచి తూచాల్సి వచ్చింది.

ఈ పొద్దున జాజికాయ గీరాను.
కాటా కిటికీ దగ్గర ఉంది,
సముద్రం మీంచి గాలి.
నూట నలభై తొమ్మిది, నూట యాభై ఒకటి,
నూట నలభై తొమ్మిది.
చెయ్యి అడ్డుపెట్టాను, అయినా నిలవదు.
కిటికీ మూస్తే ఉక్క.
పుస్తకంలో తారీఖు వేసి
కాసేపు చూశాను.
హార్బర్లో ఏదో ఓడ కూత పెట్టింది.
కాఫీ చల్లారుతోంది,
జాజికాయ ఎక్కువైందేమో,
తాగితే గాని తెలియదు.